లోవరాజు నేరాన్ని మరచిపోవుట గురించి

రాష్ట్ర ప్రజలకు జ్ఞాపకశక్తి మరీ ఎక్కువైపోయిందని ప్రభుత్వానికి ఒక వర్షాకాలంలో తోచింది. ఎప్పుడో వయసులో ఉండగా ఓ చిన్న తప్పు చేసి, దానికి శిక్ష అనుభవించేసి, ఆ తర్వాత బుద్ధిగా బతుకుతున్నవాణ్ణి పాత కాగితం ఒకటి చచ్చేదాకా వెంటాడడం అన్యాయమని ఎవరో పెద్దమనిషి ఒక సదస్సులో అన్నాడు. మాట మంచిదే. ఆ పెద్దమనిషి దాన్ని ఇంట్లో భార్యతో అని ఊరుకున్నా సరిపోయేది. ప్రభుత్వం చెవిన పడ్డాక అది గతనేర విస్మరణ చట్టం అయి కూచుంది.

శాసనసభలో చట్టం పదకొండు నిమిషాల్లో పాసయింది. చట్టానికి ఒక శాఖ కావాలి గనక విస్మరణ శాఖ పుట్టింది. శాఖకు కమిషనరూ, కమిషనరుకు కారూ, జిల్లాకో ఉప విస్మరణాధికారీ, మండలానికో విస్మరణాధికారీ వచ్చారు. పాతకోటలో పశువుల ఆసుపత్రి పక్కనున్న ఖాళీ గిడ్డంగికి సున్నం కొట్టి, 'మరవడం మానవ ధర్మం, మరపించడం ప్రభుత్వ ధర్మం' అని గోడంతా రాయించి, దాన్ని మండల ఆఫీసు చేశారు. ఏ నేరాన్ని ఏ పద్ధతిలో మరవాలో చెప్పే నియమావళి నూట నలభై పేజీలకు వచ్చింది. ఒకసారి చదివినవాళ్ళెవరూ దాన్ని మళ్ళీ మరవలేకపోయారు.

ఈ గొడవలేవీ తెలియకుండా గోదావరి మీద పంటు నడుపుకుంటున్నవాడు ఓలేటి లోవరాజు. రెండు పడవలు జోడించి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగించిన ఆ పంటు చిట్టిలంక రేవుకీ పాతకోట రేవుకీ మధ్య రోజూ పదహారుసార్లు తిరుగుతుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, పాల క్యాన్లు, పెళ్ళివారు, అందరూ అన్నీ దాని మీదే దాటాలి. లోవరాజు ముప్ఫయ్యేళ్ళుగా దానికి సరంగు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు, ఒక్క గెల నీళ్ళలో పడలేదు. చుక్కాని పట్టడం తప్ప అతనికి ఇంకో పని రాదు, రావాలన్న ఊహ కూడా ఎప్పుడూ కలగలేదు.

సరంగు లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. ఈసారి రేవుల ఆఫీసువాళ్ళిచ్చిన ఫారంలో కొత్తగా ఓ గడి చేరింది. 'ఎన్నడైనను ఏ న్యాయస్థానము చేతనైనను శిక్షింపబడియుంటిరా?' అని. లోవరాజు అక్కడ కలం ఆపేశాడు. పక్కన కూచుని చేపలు తోముతున్న భార్య నూకరత్నం సంగతేమిటని అడిగి, విని, లేదని రాసిపారెయ్యమంది. ఆ ముచ్చట లంకలో ఒక్కడికి కూడా గుర్తులేదనీ, పూడ్చిపెట్టినదాన్ని తవ్వుకోవడం దేనికనీ అంది.

"గోదారి తల్లి మీద కూచుని చుక్కాని పడతన్నానే. అబద్ధం రాసి ఆ తల్లి మీదకెలా ఎక్కమంటావు?" అన్నాడు లోవరాజు. గడిలో 'అవునండి' అని రాశాడు. ఆ జిల్లాలో ఆ గడిలో అవునని రాసినవాడు అతనొక్కడే అయివుంటాడు, అండి అని కూడా చేర్చినవాడు మాత్రం కచ్చితంగా అతనొక్కడే.

ఆ నేరం సంగతి చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట చిట్టిలంక రేవులో వంతెనకి శంకుస్థాపన చెయ్యడానికి ఓ మంత్రిగారు వచ్చారు. పదకొండింటికి ప్రసంగం ఎత్తుకున్నారు. ఒంటిగంటయింది, రెండయింది, ఆయన ఇంకా స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే ఉన్నారు. ప్రసంగానికి అడ్డమని పోలీసులు పంటు ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. పంటు మీదేమో నొప్పులు పడుతున్న మనిషి ఒకామె ఉంది, అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. అప్పటికి పంటు మీద తాళ్ళు కట్టే పనిలో ఉన్న లోవరాజు రెండుసార్లు వెళ్ళి ఎస్సైగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. మూడోసారి ఎవర్నీ అడక్కుండా వేదిక వెనక్కి వెళ్ళి మైకు తీగ పీకేశాడు. ప్రసంగం అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టి లేచిపోయారు, పంటు కదిలింది, ఆమె ఆసుపత్రిలో సుఖంగా కన్నది. వంతెన మాత్రం రాలేదు. శిలాఫలకం గట్టిదే గనక పంటు తాడు దానికి కడుతున్నారు.

మర్నాడు లోవరాజుని పట్టుకుపోయారు. నెల తర్వాత కోర్టుకు పిలిచారు. మేజిస్ట్రేటుగారు ఇంగ్లీషులో ఏదో అన్నారు, బంట్రోతు అటు నిలబడమన్నాడు. పొద్దున్నించి కోర్టు లేచేదాకా లోవరాజు గోడవార నిలబడ్డాడు. మంచినీళ్ళకి కూడా కదల్లేదు. సాయంత్రం తలుపులు మూసేటప్పుడు ఇంక పొమ్మన్నారు. కోర్టు లేచేదాకా నిలబెట్టడం కూడా ఒక శిక్షేననీ, తేలిగ్గా బయటపడ్డాడనీ తెలిసినవాళ్ళు చెప్పారు. అదీ అతని నేరచరిత్ర మొత్తం.

'అవునండి' చూసి రేవుల ఆఫీసు నివ్వెరపోయింది. మూడు నెలల్లోగా విస్మరణ పత్రం తెచ్చుకుంటే లైసెన్సు, లేకపోతే రద్దు అని కబురు చేసింది. లోవరాజు ఉతికిన పంచె కట్టుకుని సున్నం కొట్టిన గిడ్డంగికి వెళ్ళాడు.

మండల విస్మరణాధికారి చక్రధరరావుగారు అంతకుముందు పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. ఆయన చేసే పనేదైనా శ్రద్ధగా చేస్తారని పేరు, ఆ పేరు తెచ్చుకున్నది కూడా శ్రద్ధగానే. లోవరాజు చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నారు. ప్రభుత్వం తమవంటి వారి కోసమే కంకణం కట్టుకుందని చెప్పి, ధ్రువీకృత రికార్డు నకలు మూడు ప్రతులు తెమ్మన్నారు. తుడవవలసినది ముందు ఉండవలెను గదా అన్నారు. అందులో న్యాయం ఉన్నట్టే లోవరాజుకి కూడా అనిపించింది.

పాతకోట కోర్టు రికార్డు గదిలో హైమావతిగారని సీనియర్ అసిస్టెంటు ఉంటుంది. ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని నాలుగు రోజులు వెతికింది. వరదల సంవత్సరంలో నీళ్ళలో నాని అట్టలు కట్టిపోయిన కట్టలను ఒక్కొక్కటే కత్తితో విడదీసింది. ఆ కేసు దొరకలేదు. దొరకలేదని కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని లోవరాజు ఇంచుమించు పరిగెత్తుకుంటూ గిడ్డంగికి వెళ్ళాడు. రికార్డే లేనప్పుడు తుడవడం అయిపోయినట్టే గదా అని అతని లెక్క.

చక్రధరరావుగారు జాలిగా నవ్వారు. లభ్యము కాకపోవుట వేరు, లేకపోవుట వేరు అన్నారు. లభ్యము కాని రికార్డు ఎక్కడో పొంచి ఉండి, లబ్ధిదారు నిశ్చింతగా ఉన్న తరుణంలో మీద పడవచ్చునట. అందుకని నియమావళి పద్నాలుగో సెక్షను ప్రకారం ముందు నేరాన్ని పునర్నిర్మించాలి. అది సమగ్రంగా తయారయ్యాక దాన్ని చట్టబద్ధంగా మరచిపోతారు. లోవరాజుకి ఇందులో న్యాయం ఎక్కడుందో సరిగా అందలేదు గానీ, చదువుకున్నవాళ్ళకి అందే ఉంటుందిలే అనుకున్నాడు. ఇలా అనుకునేవాళ్ళు దేశంలో కోట్లమంది ఉండబట్టే ఇలాంటి శాఖలు బతుకుతున్నాయి.

పునర్నిర్మాణానికి పదిమంది సిబ్బంది రెండు జీపుల్లో, ఆ జీపులు పంటు మీద, లోవరాజు చుక్కాని పట్టగా చిట్టిలంక వచ్చారు. రేవులో వేదిక కట్టారు. మైకు పెట్టారు. కీర్తిశేషులైన మంత్రిగారి స్థానంలో ఓ జూనియర్ అసిస్టెంటుకి కండువా కప్పి నిలబెట్టారు. అతను తన శాఖ వార్షిక నివేదిక చదవడం మొదలుపెట్టాడు. తీగ పీకమని లోవరాజుకి సైగ చేశారు. యాభైమూడేళ్ళ వయసులో, అత్తారింటివైపు వాళ్ళు కూడా చూస్తుండగా, లోవరాజు తలొంచుకుని వెళ్ళి పీకాడు. ఫొటోలో ముఖం పడలేదని మళ్ళీ పీకించారు. ఘటన నాటికి ముద్దాయి వయసు ఇరవై రెండు గనక కాస్త చురుగ్గా నడవాలని చెప్పి మూడోసారి పీకించారు. సాక్షులు కావాలన్నారు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో సగం మంది పోయారు, మిగతావాళ్ళకి గుర్తులేదు. ఇప్పుడు మూడుసార్లు చూశారు గదా అని ఆ నిలబడ్డవాళ్ళ చేతే సాక్షి సంతకాలు పెట్టించారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఫారంలో 'నేరమునకు ప్రేరణ' అని ఉంది. దాని కింద స్వార్థం, కక్ష, మద్యం, ఇతరములు అని నాలుగే గళ్ళు. నొప్పులు పడుతున్న ఆడమనిషికి అందులో చోటు లేదు. ఇతరములు అని పెట్టాలంటే ఆవిడ వాంగ్మూలమూ, డాక్టరు సర్టిఫికెట్టూ, ఆ ఆసుపత్రి అప్పటి రిజిస్టరు నకలూ జతపరచాలి. ఆవిడ చనిపోయి పన్నెండేళ్ళయింది. ఆసుపత్రి రిజిస్టరు కూడా వరదలకే పోయింది. మూడు నెలల గడువులో నలభై రోజులు అప్పటికే గడిచిపోయాయి.

"మద్యం అయినచో ఏమియు జతపరచనక్కరలేదు. స్వచ్ఛందంగా ఒప్పుకొనినట్లు భావిస్తాము," అన్నారు చక్రధరరావుగారు.

"నేను చుక్క ముట్టుకోనండి," అన్నాడు లోవరాజు.

"ఎటులైనను తుడిచివేయబోవునదే గదా. ఏది రాసిననేమి?"

అదీ నిజమే. చెరిపేసే రాతలో ఏముంటేనేం అని లోవరాజు కూడా తల ఊపాడు. అలాగే శిక్ష గడిలో 'కోర్టు లేచేదాకా నిలబడుట' అని పట్టలేదు. ఆ గడిలో రోజులు మాత్రమే వెయ్యాలి, కనీసం ఒకటి వెయ్యాలి. ఒక రోజు జైలు అని వేశారు. సాయంత్రానికి రికార్డు సిద్ధమయింది. అందులో తప్పతాగి ప్రభుత్వ సభ మీద పడి, జైలుకు వెళ్ళొచ్చిన ఓలేటి లోవరాజు అనేవాడు ఒకడున్నాడు. ఇంటికొచ్చాక భర్త చదివి వినిపించిన నకలు విని నూకరత్నం చేతిలో పని పక్కన పెట్టింది. ఈ లోవరాజు ఎవరని అడిగింది.

తర్వాతది అభ్యంతరాల ఘట్టం. సమాజానికి తెలియకుండా సమాజం చేత మరపించడం ప్రజాస్వామ్య విరుద్ధమని నియమావళి ఘోషిస్తున్నది. కాబట్టి ఒక ఆటోకి మైకు కట్టి పదిహేను రోజుల పాటు లంకలో అన్ని వీధులూ తిప్పారు. 'చిట్టిలంక వాస్తవ్యుడు, పంటు సరంగు, ఓలేటి లోవరాజు మద్యం సేవించి చేసిన నేరమును మరచిపోవుటకు ఎవరికైనను అభ్యంతరములున్నచో తెలియజేయవలెను' అని ఆటో రోజుకి రెండు పూటలా చెప్పింది. స్కూలు దగ్గర ఆగి చెప్పింది, సంతలో ఆగి చెప్పింది. పంటు మీద ఏరు దాటుతున్నప్పుడు కూడా పని వేళలే గనక ఆపకుండా చెప్పింది. చుక్కాని దగ్గర లోవరాజు నది మీదే చూపు పెట్టుకుని నిలబడ్డాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ గుర్తులేని సంగతి వారం తిరిగేసరికి అందరికీ కంఠతా వచ్చింది. పంటు ఎక్కేవాళ్ళు లోవరాజు పక్కనుంచి వెళ్ళేటప్పుడు గాలి పీల్చి చూడడం మొదలుపెట్టారు. బడిపిల్లల తల్లులు పిల్లల్ని చుక్కానికి దూరంగా కూచోబెట్టారు. ఓ పంతులమ్మ అయితే, పైకి నవ్వుతూనే, ఇవాళ ఏమీ పుచ్చుకోలేదు గదా అని అడిగింది. లోవరాజుకి ఏడుపొచ్చింది. ముప్ఫయ్యేళ్ళు తను ఏరు దాటించిన జనం ఒక ఆటో మాట నమ్మారు.

నమ్మనివాడు ఒకడే కనబడ్డాడు. అరటి గెలల వ్యాపారి బుల్లెబ్బాయిగారు. ఆయన ఇరవయ్యేళ్ళుగా వారానికి మూడుసార్లు గెలలు వేసుకుని దాటుతాడు. లోవరాజు బీడీ కూడా కాల్చడని ఆయనకి తెలుసు. పంటు మీద మైకు ఊదరగొడుతుంటే లేచి వెళ్ళి ఆటోవాణ్ణి నాలుగు తిట్టి ఆపించాడు. ఆ రోజు ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా లోవరాజు వీపు నిటారుగా నిలిచింది.

అభ్యంతరం ఒక్కటే వచ్చింది. రిటైరైన తపాలా ఉద్యోగి ఒకాయన రాశాడు. తనకు సదరు నేరము అసలు జ్ఞాపకము లేదనీ, జ్ఞాపకము లేనిదానిని మరచిపోవుటకు సమ్మతించుట నైతికముగా కుదరదనీ ఆయన వాదం. చక్రధరరావుగారు దాన్ని చాలా గట్టి అభ్యంతరంగా భావించారు. విచారణ పెట్టారు. అర్జీదారుకు జ్ఞాపకం కలిగించే బాధ్యత లబ్ధిదారుదే అన్నారు. లోవరాజు ఆ పెద్దాయన ఎదుట చేతులు కట్టుకుని, తను ఎలా తాగాడో, ఎలా తూలాడో, తీగ ఎలా పీకాడో, పునర్నిర్మిత రికార్డు ప్రకారం వర్ణించి చెప్పాడు. రెండో విడతకి ఆయనకి అంతా జ్ఞాపకం వచ్చింది. వెంటనే మరచిపోవుటకు సమ్మతించి సంతకం పెట్టాడు.

గడువు ఇంకా పదకొండు రోజులుండగా విస్మరణ మేళా జరిగింది. పాతకోట హైస్కూలు మైదానంలో షామియానాలు వేశారు. మండలానికి అరవై ఒక్క మంది లబ్ధిదారులు తేలారు. వేదిక వెనక ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టి, అందులో అరవై ఒక్క ఫొటోలూ వేసి, ఒక్కొక్క ఫొటో కింద పేరూ ఊరూ మరచిపోబోయే నేరమూ ముద్రించారు. పదిహేడో నంబరు లోవరాజు. ఒక్కొక్కరినే నేరం చదివి వేదిక మీదికి పిలిచారు, శాలువా కప్పారు, పత్రం ఇచ్చారు. కోళ్ళు దొంగిలించిన ఓ ముసలమ్మ శాలువా బావుందని మురిసిపోయింది.

"నేటి నుండి ఈ అరవై ఒక్క మంది ఏ నేరం చేశారో ఈ రాష్ట్రంలో ఎవ్వరికీ తెలియదు," అన్నారు విస్మరణ శాఖ మంత్రిగారు, ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపిస్తూ. జనం చప్పట్లు కొట్టారు.

రికార్డులన్నిటికీ అక్కడే లక్కముద్ర వేశారు. ఇకమీదట వాటిని ఎవరూ తెరవకూడదు, వాటిలో ఏముందో శాఖలో ఎవరికీ తెలిసివుండకూడదు. లబ్ధిదారుల చేత కూడా ఒక హామీ మీద సంతకం తీసుకున్నారు. విస్మరణ పొందిన నేరాన్ని లబ్ధిదారు చేయలేదని అతను గానీ అతని ఇంట్లోవాళ్ళు గానీ బయట ఎక్కడైనా చెప్పుకున్నట్లయితే అతనికి ఆరు నెలల జైలు. చేయకపోతే శాఖ తుడిచిందేమిటి అనే ప్రశ్న వచ్చి, ప్రభుత్వానికి తలవంపులు గదా. లోవరాజు సంతకం పెట్టి, పత్రం మడిచి జేబులో పెట్టుకుని, ఆ మధ్యాహ్నమే రేవుల ఆఫీసులో ఇచ్చేసి వచ్చాడు. శాలువా నూకరత్నానికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తడి ఆరబెట్టిన గిన్నెల మీద కప్పింది.

వారానికి రేవుల ఆఫీసు జవాబొచ్చింది. విస్మరణ పొందినవారి జాబితాను శాఖవారు జిల్లాలోని నలభై మూడు ఆఫీసులకీ పంపారు. ఏ సంగతి తెలియనట్టుండాలో సిబ్బందికి తెలియాలి గదా. అందులో పదిహేడో నంబరు ఎదుట 'మద్యం' అని ఉంది. 'తమరు పైన ఉదహరించిన జాబితాలో ఉండినందున, ప్రయాణికుల భద్రత దృష్ట్యా, తమ లైసెన్సును పునరుద్ధరించుటకు వీలుపడదు' అని ఉత్తరం. కింద సంతకం చేసినాయన ఎనిమిదేళ్ళు లోవరాజు పంటు మీదే ఆఫీసుకి వెళ్ళొచ్చినవాడు.

ఉత్తరం పట్టుకుని లోవరాజు గిడ్డంగికి వెళ్ళేసరికి హైమావతిగారు అక్కడ కూచుని ఉంది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఇంకా మెడలోనే ఉంది. రికార్డు గదికి సున్నం కొట్టడానికి బీరువాలు జరుపుతుంటే, ఒక భూమి తగాదా కట్టలో కలిసిపోయి లోవరాజు కేసు దొరికిందట. ఆవిడ మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి. ఆ రోజు లోవరాజుని చూడగానే లేచి నిలబడి, కూచోమనకుండానే కాగితం విప్పి చదివింది. ఇంగ్లీషులో ఉన్న తీర్పుని ఒక్కొక్క ముక్కే తెలుగు చేస్తూ చదివింది.

"'ప్రసంగము ఆగిపోవుట వలన ఎవరికిని ఎట్టి నష్టమును కలిగినట్లు ప్రాసిక్యూషను వారు రుజువు చేయలేకపోయిరి. గర్భిణీ స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకే ముద్దాయి ఆ పని చేసినట్లు ఎస్సై కూడా ఒప్పుకొనెను. ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేయడమైనది. ఉదయం పదకొండు ఇరవై.'"

లోవరాజుకి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. మీకు శిక్షే పడలేదండీ అంది. పదకొండింటికే వదిలేశారు, పొమ్మని మీకెవరూ చెప్పలేదు, అంతే అంది.

"మరి నేను సాయంత్రం దాకా నిలబడ్డానండి," అన్నాడు లోవరాజు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను దోషినని తల కొంచెం వంచుకునే తిరిగాడు. వంచుకోనక్కర్లేదని ఆ కాగితం చెబుతోంది. కాగితాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుంటానని అడిగాడు. హైమావతిగారు ఇచ్చింది. అతను అందులో తన పేరొక్కటే గుర్తుపట్టగలిగాడు, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఇంక దీంతో లైసెన్సు వచ్చేసినట్టేనని ఆవిడ చక్రధరరావుగారితో అంది. ఆయన అప్పటికే నియమావళి తెరిచి, ఇరవై రెండో సెక్షను మీద వేలు పెట్టుకుని ఉన్నారు. విస్మరణ పొందిన కేసుకు సంబంధించిన సమస్త పత్రములును, ఎప్పుడు ఎక్కడ లభ్యమైనను, గంటలోగా నాశనము చేయవలెను అని అందులో ఉంది. సమస్తము అంటే నిర్దోషి అని చెప్పే పత్రం కూడా సమస్తములోకే వస్తుందని ఆయన వివరించారు.

"అయ్యా, ఇది అసలు రికార్డు. మీరు సీలు వేసింది తప్పుడుది," అంది హైమావతిగారు.

"సీలు వేసినదానిలో ఏమున్నదో నాకు తెలియదమ్మా. తెలియనిదానితో ఇది విభేదించుచున్నదని నేనెట్లా చెప్పగలను?"

"మీరే కదండీ రాసింది."

"రాసియుండవచ్చును. మరచిపోయాను," అన్నారు చక్రధరరావుగారు. ఆ మాటలో ఆయనకు నిజంగానే గర్వం ఉంది. "ఆఫీసులో అందరమూ మరచిపోయాము. అది మా విధ్యుక్త ధర్మం."

గిడ్డంగి మూలన కాగితాలు చీల్చే యంత్రం ఒకటి అట్టపెట్టెలో ఉంది. శాఖ పెట్టినప్పుడే వచ్చింది, వాడే అవసరం ఇంతవరకూ పడలేదు. దాన్ని బయటికి తీసి, ప్లగ్గు పెట్టారు. మొదటి వాడకం గనక ఫొటో కూడా తీశారు. కాగితం ఇమ్మని చక్రధరరావుగారు చెయ్యి చాపారు. లోవరాజు ఇవ్వలేదు. జవాను వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాడు, కఠినంగా ఏమీ కాదు, మర్యాదగానే. ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండుతుంది. హైమావతిగారు యంత్రానికి అడ్డంగా నిలబడింది. విధి నిర్వహణకు ఆటంకం కలిగించిన కోర్టు ఉద్యోగిని మీద రాయవలసివస్తుందని చెప్తే, లోవరాజే ఆవిణ్ణి పక్కకి రమ్మన్నాడు. నా మూలాన మీకెందుకమ్మా అన్నాడు.

యంత్రం కాగితాన్ని సన్నటి పేలికలు చేసి కింద బుట్టలో పోసింది. చక్రధరరావుగారు గడియారం చూసి, గంటలోగా పూర్తయిందని ఫైల్లో రాసుకున్నారు. లబ్ధిదారు సంతృప్తి పత్రం మీద లోవరాజు సంతకం కావాలన్నారు. అందులో సంతృప్తి, మిక్కిలి సంతృప్తి అని రెండే గళ్ళున్నాయి. లోవరాజు ఏ గడిలోనూ గీత పెట్టకుండా సంతకం చేశాడు. అతను బయటికొచ్చాక ఆ గీత ఆయనే పెట్టుకున్నారు.

పంటుకి కొత్త సరంగుని వేశారు. ఎగువ రేవులవాడు, ఈ పాయలో ఎక్కడ ఇసుక మేట వేసిందో అతనికి తెలియదు. లోవరాజు ఇంట్లో కూచున్నాడు. వలలు బాగుచేస్తే చేసేవాడు, లేకపోతే లేదు. జనం అతని సంగతి ఎత్తినప్పుడల్లా నూకరత్నం వీధిలోకొచ్చి నోరుచేసుకునేది, మా ఆయన ఏ పాపం ఎరగడని గట్టిగా అరవబోయి, ఆరు నెలలు గుర్తొచ్చి మాట మధ్యలో మింగేసేది. ఆవిడ అంతవరకూ ఏ మాటా మింగిన మనిషి కాదు.

ఓ సోమవారం రేషన్ కార్డు పని మీద లోవరాజు పాతకోట వెళ్ళవలసి వచ్చింది. జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని పంటు ఎక్కి, మోటారు సైకిళ్ళ పక్కన బల్ల మీద కూచున్నాడు. జనం కొంచెం ఎడంగా జరిగారు. బుల్లెబ్బాయిగారు మాత్రం గెలలు పంటు మీదికి ఎక్కించుకుని, వచ్చి పక్కనే కూచున్నాడు. ఇంజను మొదలయ్యాక, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు. ఊళ్ళోవాళ్ళతో పోట్లాడి పోట్లాడి విసిగిపోయాననీ, ఎవరేమన్నా తను నమ్మలేదనీ, నువ్వొక్క మాట కాదంటే రేపు సంతలో నలుగురి ముందూ చెప్తాననీ అన్నాడు.

"నిజం చెప్పరా లోవరాజూ. తాగి చేశావా ఆ పని? నువ్వు లేదంటే నాకు చాలు."

లోవరాజు నోరు తెరిచాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. వాళ్ళలో ఒకడు గిడ్డంగి జవాను, వేళ్ళు విడదీసినవాడే, ఇటే చూస్తూ కూచున్నాడు. సంతలో బుల్లెబ్బాయిగారు ఏమంటాడో, అది ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో లోవరాజుకి కళ్ళకు కట్టినట్టు తెలుసు. లేదు అన్న రెండక్షరాలకి ఆరు నెలలు. ఇంట్లో నూకరత్నం ఒక్కతీ ఉంది.

"చేసేనండి," అన్నాడు.

బుల్లెబ్బాయిగారు అతని మొహంలోకి చూశాడు, ఇంకేమన్నా చెప్తాడేమోనని కొంచెంసేపు ఆగాడు. లోవరాజు నీళ్ళ వైపు తిరిగాడు. ఏరు సగం దాటాక బుల్లెబ్బాయిగారు లేచి, కండువా దులుపుకుని, గెలల అవతలికి వెళ్ళి కూచున్నాడు.